సేవాధర్మము - పరుషవాక్యము

పరులకు లోబడి జీవించుట కష్టతరమని పెద్దలందరును అంగీకరించిరి. కొలువున నున్నవానిని రెండు భయములు వెన్నంటియుండును. ఈ కొలువు రేపు నిలుచునో నిలువదో యనునది మొదటిది. పై యధికారి నోట ఎట్టి మాట పడవలసివచ్చునో యనునది రెండవది. రాజాస్థానములు పోయి కార్యాలయములు వచ్చినను ఈ భయములు మాత్రము పోలేదు. కాంట్రాక్టుపై పనిచేయు గుమాస్తాకు గడువు సమీపించిన నిద్రపట్టదు. పెద్ద కంపెనీలోని ఇంజనీరుకు సంవత్సరాంతమున తన పనిని తూచునాడు అన్నము సహింపదు. అట్టివారు అవమానమును దిగమ్రింగి యూరకుండవలెనా, ఎదురాడవలెనా? ఇతిహాసములు దీనికి ఒక్కటే సమాధానము చెప్పలేదు. పడిన మాటయందు సత్యమెంతయో ముందు చూచుకొనుమని మాత్రము బోధించుచున్నవి.

కిష్కింధలో సుగ్రీవుడు రాజ్యము దక్కినపిదప భోగములలో మునిగి, సీతాన్వేషణకు చేసిన ప్రతిజ్ఞను ఆలస్యము చేసెను. లక్ష్మణుడు కోపోద్దీపితుడై వచ్చి కఠినముగా మందలించెను. ఆ మాటలు కటువైనవే. కాని వాటియందు సత్యము కలదు. సుగ్రీవుడు కటుత్వమును పట్టుకొని కలహింపలేదు. తన తప్పును మన్నింపుమని వేడి, వెంటనే వానరసేనలను రప్పించెను. అది చూచి లక్ష్మణుడును తాను పలికిన పరుషములకు క్షమాపణ కోరెను. పాలను నీటిని వేరుచేయు హంసవలె మాటలోని సత్యమును గ్రహించి కాఠిన్యమును విడుచువాడు మెమో అందుకొన్ననాడును చిన్నబోడు. ఆ దినమున అతని పని బాగుపడును.

మాటయందు సత్యము లేనిచో? తిక్కన సోమయాజి తెనిగించిన విరాటపర్వము ఈ సందేహమును తీర్చును. పాండవులు అజ్ఞాతవాసమునకు బయలుదేరునపుడు, రాజుకొలువున ఎట్లు మెలగవలెనో ధౌమ్యుడు వారికి ఉపదేశించెను. చక్రవర్తియైన ధర్మరాజు కంకుడను పేర విరాటుని కొలువులో చేరెను. ఉత్తరుడు కౌరవులను గెలిచెనని విరాటుడు పొంగిపోవుచుండగా, బృహన్నల సారథియైనప్పుడు గెలుపునకు కొదవయేమని కంకుడు పలికెను. రాజు కోపించి హెచ్చరించెను. కంకుడు మరల అదే మాట చెప్పెను. విరాటుడు పాచికతో అతని ముఖమున కొట్టగా రక్తము స్రవించెను. ద్రౌపది పాత్ర తెచ్చి ఆ రక్తమును నేలపై పడనీయలేదు. అర్జునుడు చూచిన రాజునకు కీడు వాటిల్లునని, బృహన్నలను అప్పుడు లోనికి రానీయవద్దని ధర్మరాజు ద్వారపాలకునికి రహస్యముగా చెప్పెను. కొట్టినవానినే కాపాడెను!

ఇది పిరికితనమని కొందరు తలంపవచ్చును. కాని ధర్మరాజు దెబ్బను సహించెనే గాని మాటను మార్చుకొనలేదు. సహనమునకు, దాస్యమునకు గల భేదమిదియే. బిడ్డల అన్నమునకై అధికారి దూషణమును మౌనముగా భరించు గృహస్థుడు పాపి కాడు. ఆ అన్నమునకే భయపడి అసత్యమునకు చేవ్రాలు చేసినపుడును, తోటివానిపై నేరము మోపినపుడును ధర్మము తొలగిపోవును. కొలువు పోయిన మరియొకటి దొరకవచ్చును. ఆ చేవ్రాలు మాత్రము చెరగదు.

కొలువే పోయినచో విదురుని తలంపవలెను. హితము చెప్పినందుకు ధృతరాష్ట్రుడు ఆయనను నీ యిచ్చవచ్చిన చోటికి పొమ్మనెను. విదురుడు కామ్యకవనమున పాండవులను చేరెను. పిదప రాజు పశ్చాత్తాపపడి సంజయుని పంపి పిలిపింపగా పగ పెట్టుకొనక తిరిగివచ్చెను. వచ్చినపిదప భయపడి ముఖస్తుతి నేర్చుకొనలేదు. మునుపటివలెనే హితము చెప్పుచుండెను. ఆయన పదవి రాజుచేతిలోనిది. ఆయన విదురత్వము రాజుచేతిలోనిది కాదు.

కొలువు పోవుట ప్రతివేళ అసమర్థతకు గుర్తు కాదు. 2020లో మహమ్మారి వ్యాపించి పాఠశాలలు మూతపడగా ఎందరో ప్రైవేటు ఉపాధ్యాయులు జీతములు లేక కూలిపనులకు పోయిరి. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము అట్టివారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ప్రకటించెను. నిన్నటివరకు అక్షరములు దిద్దించినవారు బియ్యమునకై ఎదురుచూచిరి. వారి దోషమేమి? ఇట్టివారిని చూచి పూర్వకర్మయని పెదవి విరుచుట భక్తుని లక్షణము కాదు. ఒక పూట ధైర్యవచనము, చేతనైన సాయము అందించుటయే పూజ.

అధికారపీఠమున నున్నవారును ఒకటి గుర్తింపవలెను. విరాటుడు తాను కొట్టినవాడెవ్వరో తెలిసికొన్ననాడు సిగ్గుపడెను. ఎదుట తలవంచి నిలిచినవాని యందును పరమాత్మ యున్నాడు; అతని వెనుక ఒక యిల్లును కలదు. తప్పును ఏకాంతమున, సౌమ్యముగా చెప్పుట వారి ధర్మము. సత్యమైన మందలింపును స్వీకరించుట, అసత్యమునకు లొంగకుండుట సేవకుని ధర్మము. యజమాని మారవచ్చును, పీఠము మారవచ్చును. సర్వేశ్వరుని కొలువునుండి మాత్రము ఎవ్వరును తొలగింపబడరు. ఆ విశ్వాసము మనందరి భయములను తొలగించి కర్తవ్యమున నిలుపుగాక!