ఫైలు ఎలా పడుకుంటుందో చూసి గీత గియ్యి

అమ్మడూ,

నువ్వు పంపిన ఫైలు బొమ్మలు మీ నాన్న ఫోనులో పెద్దవి చేసి చూపించాడు. అట్ట అంచు పొడవునా సన్నటి గాడి, ఆ గాడిలో అటూ ఇటూ జరిగే చిన్న ట్యాబు, ట్యాబులో పేరు రాసిన చీటీ. చూసి మురిసిపోయాను. ముప్ఫై ఒక్కేళ్లు రెవెన్యూ ఆఫీసు రికార్డు గదుల్లో దుమ్ము దులిపినవాణ్ణి. లోకంలో ఇన్ని వస్తువులుండగా మన ఇంటి పిల్ల మనసు ఫైలు అట్ట మీదికి పోయిందంటే ఈ తాతకు ఎంత సంతోషమో నీకు తెలీదు. నాకు తెలిసిన నాలుగు సంగతులు చెబుతాను, విను.

నీ బొమ్మల్లో ఫైళ్లన్నీ నిలబడి ఉన్నాయి తల్లీ. మా గదిలో ఒక్క ఫైలు కూడా నిలబడి ఎరగదు. కాగితాలకు ఎడమ పైమూల దబ్బనంతో పొడిచి ట్యాగు గుచ్చేవాళ్లం. పైనా కిందా అట్టలు. అలాంటివి పాతికో ముప్ఫయ్యో కలిపి ఒక కట్ట, కట్టకు నాడా. కట్టలన్నీ ఇనప ర్యాకులో ఒకదాని మీద ఒకటి పడుకునేవి. ర్యాకు ముందు నిలబడ్డవాడికి ఫైలు పైభాగం కనపడదు, అంచు మందమే కనపడుతుంది. అందుకని పొడుగాటి కాగితం చీటీ ఒకటి కట్టలో దోపి, జానెడు ముక్క బయటికి వేలాడేలా వదిలేవాళ్లం. ఎండాకాలం ఫ్యాను వేస్తే గదిలో చీటీలన్నీ ఒక్కసారి ఊగేవి.

ఫైలుకు ట్యాబు అవసరం పడింది దాన్ని నిలబెట్టాకే. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో లైబ్రరీ బ్యూరో అనే కంపెనీ వాళ్లు కాగితాలను డ్రాయరులో నిలువుగా దాచే పద్ధతి చూపించారు. అంతకుముందు అక్కడా ఉత్తరాలు మడిచి గూళ్లలో దోపేవాళ్లే. నిలబెట్టాక ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి కనుక, తల పైకెత్తే చిన్న ముక్క కావలసి వచ్చింది. ఆ ముక్కే నువ్వు గీసింది. మన ఆఫీసుల్లో చాలా చోట్ల ఫైలు ఇప్పటికీ పడుకునే ఉంటుంది. కనుక నీ ట్యాబు పొడుగు అంచునే కాదు, పొట్టి అంచునా ఎక్కాలి. కాస్త వంచితే కిందికి వాలి, ర్యాకు ముందు నిలబడ్డవాడికి పేరు చూపించాలి. గీత గియ్యకముందే నాలుగు ఆఫీసులు తిరిగి, ఫైలు ఎలా పడుకుంటుందో కళ్లారా చూసి రా.

ఇక అసలు మాట. జరిగే ట్యాబు మంచిదే కానీ, దాని మీద ఏం రాస్తారన్నది నువ్వు ఆలోచించావా?

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒక తాలూకా ఆఫీసు కట్టలు విప్పి, ఏ ఊరు ఏ మండలంలోకి పోయిందో చూసి, ఫైళ్లు పంచాం. నెలల తరబడి అదే పని. నేను పనిచేసిన చోట అట్టల మీద చీటీలు మైదా జిగురుతో అంటించి ఉండేవి. నంబరూ, ఊరూ, విషయం అన్నీ ఆ చీటీ మీదే. పాత చీటీలు పీకి కొత్తవి అంటించే తొందరలో ఒక ఫైలు చీటీ ఇంకో ఫైలుకు ఎక్కింది. అలా తప్పు చీటీ పడ్డ ఫైలు ఒక పెద్దావిడది. భర్త పోయాక పొలం తన పేరున మార్చమని పెట్టుకున్న అర్జీ. ఆవిడ ప్రతి సోమవారం వచ్చి మెట్ల మీద కూర్చునేది. మేం వెతికేవాళ్లం, దొరికేది కాదు. అయిదు నెలలకు, వేరే మండలానికి పోయిన కట్టలో, మరెవరి పేరుతోనో దొరికింది. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇన్నేళ్లయినా ఆ మెట్లు నాకు గుర్తే.

అందుకే చెబుతున్నా. మా ఆఫీసుల్లో టాటెన్‌హామ్ పద్ధతి. ప్రతి కాగితానికీ ఒక కరెంటు నంబరు ఉంటుంది. బి3/412/85 అన్నామనుకో, బి సెక్షను, మూడో సీటు, ఆ నంబరు, ఆ ఏడు. ఆ నంబరు ఫైలుకు పుట్టుమచ్చ లాంటిది. దాన్ని జరిగే ముక్క మీద ఎన్నడూ పెట్టకు. అట్ట మీదే గడి అచ్చువేయించు. బయట ఒకటి, లోపలి వైపు ఇంకొకటి. ఊరు, మండలం, విషయం, ఇప్పుడు ఎవరి సీటులో ఉందన్నది, ఇలా మారేవన్నీ నీ ట్యాబులో ఉండనీ. ఊడిపోయినా, తారుమారైనా అట్ట తన నంబరు తానే చెప్పుకోవాలి.

పేర్లు మారడం ఆ ఒక్కసారితో ఆగిందా? 2016లో తెలంగాణ పది జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. మన ఆంధ్రలో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. పాత చీటీ పీకి పారేస్తే, పాత పేరుతో వెతుక్కుంటూ వచ్చే రైతుకు దారి మూసినట్టే. నీ ట్యాబు గూటిలో రెండు చీటీలకు చోటుంచు. కొత్తది ముందు, పాతది దాని వెనకే.

చీటీ ఎత్తు కూడా చూసుకో. బజారులో దొరికే ట్యాబులు అరంగుళం ఉంటాయి. ఇంగ్లిషు అక్షరాలకు అది సరిపోతుంది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ద్రాక్షారామం, శ్రీకూర్మం అని ఆ అరంగుళంలో చేత్తో రాసి చూడు, ఒత్తులు గూటి అంచు కింద దాక్కుంటాయి. ముప్పావంగుళానికి తగ్గకు.

జారుడు సంగతి. గాడి వదులైతే కట్ట కదిలించినప్పుడల్లా ట్యాబు తనంతట తానే ఓ మూలకు చేరుతుంది. బిగుతైతే జరిపినవాడు అట్ట చింపుతాడు. వేలెడు దూరానికొక చిన్న గంటు పెట్టు, ట్యాబు అందులో కూర్చోవాలి. వానాకాలం మన కోస్తా గాలికి అట్ట ఉబ్బుతుందని మరవకు. ఉబ్బేది పీచుకు అడ్డంగా ఎక్కువ, పీచు వెంట తక్కువ. మడత కూడా పీచు వెంట అయితేనే పగలకుండా నిలుస్తుంది. అట్టను రెండు వైపులా వంచి చూడు, తేలిగ్గా వంగిన మడతకు పీచు సమాంతరంగా ఉన్నట్టు. ప్రెస్సువాళ్లు అట్ట మిగుల్చుకోడానికి షీటును అడ్డం తిప్పి కోస్తారు. దగ్గరుండి చెప్పుకోవాలి.

ఇప్పుడంతా ఈ-ఆఫీసు కదా, కాగితం ఫైళ్లెందుకు అని మీ నాన్న అన్నాడు. నిజమే. అయినా పని ముగిశాక ఆర్.డిస్ ముద్ర పడ్డ ఫైలు శాశ్వతంగా దాచాల్సిందే, డి.డిస్ అయితే పదేళ్లు. ఆ శాశ్వతం మాట నువ్వు గట్టిగా పట్టించుకోవాలి. పారదర్శకంగా మెరిసే ప్లాస్టిక్కు కొన్నేళ్లకు పచ్చబడి, వేలు తగిలితే పుటుక్కుమంటుంది. ట్యాబు వంగే చోట గుడ్డ అతికించిన అట్ట వాడితే మేలు. సెల్లోటేపు, రబ్బరు బ్యాండు, ఇనప గుండుసూది వద్దే వద్దు. మొదటిది మరక పెడుతుంది, రెండోది కరిగి అంటుకుంటుంది, మూడోది తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తుంది. జిగురు ఎంత తక్కువ వాడితే పురుగు అంత తక్కువ.

రంగుల ట్యాబులు అన్నావు. పెట్టు, బాగుంటాయి. కానీ ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని మగవాళ్లు చాలామంది ఉంటారు. మా దఫేదారు ఒకాయన అలాగే, పాపం, ఇరవై ఏళ్లు ఎవరికీ చెప్పుకోలేదు. రంగుతో పాటు ఒక గుర్తు కూడా ఉండాలి. అంచున ఒక కోత, రెండు కోతలు, అలా ఏదైనా. చీకటి గదిలో చేతికి తగిలినా చాలు.

సైజు ఏ4కు సరిపెట్టావు. అది 297 మిల్లీమీటర్ల పొడవు. లీగల్ కాగితం 356. దస్తావేజులు చాలావరకు ఆ పొడుగువే. పొట్టి అట్టలో పెడితే అడుగున మడిచి దోపుతారు, మడత దగ్గరే చిరుగుతుంది. సంతకాలూ ముద్రలూ ఉండేది అక్కడే.

వేసవి సెలవులకు వచ్చేటప్పుడు మూడు నమూనాలు నిజం అట్టతో చేయించుకురా. మన ఇనప్పెట్టెలో మీ ముత్తాతగారి నాటి పన్ను రసీదులూ, పొలం కాగితాలూ ఉన్నాయి. వాటికి నకళ్లు తీయించి, ఆ నకళ్లు నీ అట్టల్లో సర్ది, మేడమీద చెమ్మ గదిలో పడుకోబెడతాను. వానాకాలమంతా రోజూ ఒకసారి తీసి, ట్యాబు జరిపి, మళ్లీ పెడతాను. ఎన్నాళ్లకు ఏది వదులైందో, ఎక్కడ చిరిగిందో నోటుబుక్కులో రాసి ఉంచుతాను. దసరాకు నువ్వే వచ్చి కట్ట విప్పుదువుగాని.

మీ తాతయ్య