అపరాధ పత్రము – అంతరంగ సాక్షి

తప్పు చేసినవాడు దానిని ఒప్పుకొనవలెనా అని అడిగినచో పసివాడు సైతము ఒప్పుకొనవలెననియే చెప్పును. అదే తప్పు ఒక కాగితముపై సెక్షను సంఖ్యతో వ్రాయబడి, దానికి డాలర్లలో వెల కట్టబడి, ఒప్పుకొననివారికి తప్పుకొను దారిని కూడ న్యాయస్థానమే చూపినప్పుడు పెద్దలు సైతము తడబడుదురు.

కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఫ్రీమాంట్, శాన్ హోసే ప్రాంతములలో తెలుగు కుటుంబములు విస్తారముగ నివసించుచున్నవి. అట్టి కుటుంబమునకు చెందిన ఒక గృహస్థుని ఊహించుకొనవచ్చును. కుమారుని పాఠశాలకు చేర్చు తొందరలో, వీధి ప్రక్కన నిలిపియుంచిన కారును ఆయన వెనుకకు నడిపెను. ఎదుటనున్న తెరను ఒక్క క్షణము చూచెను. అద్దమును చూచెను. తల మాత్రము త్రిప్పలేదు. వెనుకనున్న వ్యాను చాటునుండి వీధి దాటబోవుచున్న ఒక వృద్ధురాలికి బంపరు తగిలి ఆమె క్రింద పడెను. ఎముక విరుగలేదు గాని మోచేయి చెక్కుకొనిపోయినది. పోలీసు అధికారి వచ్చి, వాహన శాసనము 22106వ సెక్షను క్రింద టికెట్ వ్రాసి సంతకము చేయుమనెను.

తగినంత భద్రముగ చేయగల స్థితి ఏర్పడువరకు, నిలిపిన వాహనమును కదల్చరాదు, రహదారిపై వెనుకకు నడుపరాదు అనునది ఆ సెక్షను సారాంశము. అందు వేగమునకు హద్దు లేదు, దూరమునకు కొలత లేదు. నడుపువాడు తగిన జాగ్రత్త వహించెనా లేదా అన్నదే ప్రశ్న. ఎఱ్ఱదీపము దాటినవానిని కెమెరా పట్టగలదు. తల త్రిప్పి చూచెనా అన్న సంగతిని తుదకు చెప్పవలసినవాడు చూచినవాడే.

సంతకము చేయుట తప్పొప్పుకొనుట కాదు. నిర్ణీత దినమునకు హాజరగుదునను వాగ్దానము మాత్రమే. తరువాత ఎదురగు మార్గములు అనేకములు. జరిమానా చెల్లింపవచ్చును, మూల రుసుము 35 డాలర్లే యైనను, దానిపై చేరు అదనపు రుసుములతో మొత్తము రెండు వందలు దాటును. లైసెన్సు పత్రముపై ఒక పాయింటు పడును, బీమా రుసుము పెరుగవచ్చును. అర్హతగలవారు పదునెనిమిది మాసములకు ఒకమారు ట్రాఫిక్ పాఠశాలకు పోయి, ఆ పాయింటు బీమావారి కంట పడకుండ చేసికొనవచ్చును. లేదా నిర్దోషినని విచారణ కోరవచ్చును. కోర్టుకు పోకయే లిఖితపూర్వకముగ విచారణ జరుపుకొను వెసులుబాటు సైతము కలదు: జరిమానా సొమ్మును ముందుగ కట్టి, తన కథనమును వ్రాసి పంపవలెను, అధికారి తన కథనమును పంపును, న్యాయాధికారి రెండింటిని చదివి తీర్పు చెప్పును. తీర్పు ప్రతికూలమైనచో ఇరువది దినములలో మరల విచారణ కోరవచ్చును.

ఈ చివరి మార్గమునందే మిత్రుల సలహాలు మొదలగును. "అన్నా, నిర్దోషినని వ్రాసి పంపుము. ఆ పోలీసుకు వేయి పనులు, జవాబు వ్రాయనే వ్రాయడు. కట్టిన సొమ్ము తిరిగి వచ్చును" అని ఒకరందురు. "వెనుకకు తిరిగి చూచితినని ఒక్క ముక్క వ్రాసిన పోవునదేమి?" అని మరియొకరందురు. ఈ రెండు సలహాలు ఒకే రీతిగ వినవచ్చును గాని, రెండింటికి నడుమ పెద్ద అగాధము కలదు.

నిర్దోషినని వాదించుట అబద్ధమా? కానేకాదు. అది ప్రమాణము చేసి చెప్పు సాక్ష్యము కాదు. ఆరోపించినవారు ఋజువు చేయవలెనని కోరుట మాత్రమే. ఇట్టి చిన్న నేరములందు సైతము ఆ రాష్ట్రమున సందేహమునకు తావులేని ఋజువు కావలెను. నిజముగ జాగ్రత్తపడినవాడు, "ఎందుకీ తిరుగుడు, కట్టి పారవేయుదము" అని దోషమును తలకెత్తుకొనుట సౌకర్యము కొఱకు పలికిన అసత్యమే యగును. దానిని వినయమని పొగడుట పొరపాటు. బిజ్జలుని కొలువున భండారియైన బసవేశ్వరునిపై ధనము దుర్వినియోగమైనదని కొండెములు చెప్పబడినప్పుడు, లెక్క చూచుకొనుడని ఆయన నిలిచిన కథ పాల్కురికి సోమనాథుని బసవ పురాణము చదివినవారికి విదితమే. లెక్క అడుగుమనుటలో అహంకారము లేదు. అయితే భండారము నిండియున్నందున ఆయన లెక్క చూడుమనెను. సొమ్ము వ్యయపరచి, ఆ దినమున లెక్కలవాడు సెలవులో ఉండిన బాగుండునని కోరుకొనువాడు ఆ కథను ఉదాహరింపరాదు.

లిఖితపూర్వక కథనము సంగతి వేఱు. అసత్యమైనచో శిక్షార్హుడనని ఒప్పుకొనుచు దానిపై సంతకము చేయవలెను. "తిరిగి చూచితిని" అన్న ఒక్క ముక్క అక్కడ ముక్క కాదు, కూటసాక్ష్యము. మరి, చూడలేదన్న మాటను వదలి తక్కినవి వ్రాసినచో? వ్యాను అడ్డముగ నున్నది నిజము, తెర చూచినది నిజము, అద్దము చూచినది నిజము. తనకు వ్యతిరేకముగ తానే చెప్పవలెనని శాసనము నిర్బంధింపదు. కాని మూడు నిజములను వరుసగ పేర్చి చదువువానిని నాలుగవ అబద్ధమునకు నడిపించుట అబద్ధమాడుటకంటె ఎక్కువ నేర్పు కోరును, దోషము తగ్గదు. అట్టి పత్రము వ్రాయుటకంటె మౌనముగ సొమ్ము కట్టుట మేలు.

నేరము ఒప్పుకొననని, వాదింపనని చెప్పు మూడవ విధానము కూడ అక్కడ కలదు. దానిని నోలో కంటెండరే అందురు. శిక్ష పడును గాని, ఇట్టి చిన్న నేరములలో ఆ మాటను రేపటి సివిలు దావాలో తప్పొప్పుకోలుగ వాడరాదు. ఇది కపటమని తోచవచ్చును గాని, కోర్టుకు చెల్లించు ఋణము, వృద్ధురాలికి తీర్చు ఋణము వేఱువేఱని శాసనమే గుర్తించుచున్నది.

ఆ రెండవ ఋణమును గూర్చియే మిత్రులెవ్వరును మాటాడలేదు. ప్రమాదస్థలమున తప్పు నాదని అనరాదని బీమావారు హెచ్చరింతురు. ఆ భయముతో నోరే మెదపక నిలుచువారు కలరు. అంత భయపడ నక్కరలేదు. ఆ రాష్ట్ర సాక్ష్య శాసనము 1160వ సెక్షను, ప్రమాదమున గాయపడినవారికి పలికిన సానుభూతి వచనములను బాధ్యతకు సాక్ష్యముగ స్వీకరింపరాదనుచున్నది. తప్పు నాదను మాటకు మాత్రము ఆ రక్షణ లేదు. "అమ్మా, ఎక్కడ తగిలినది? ఆసుపత్రికి తీసికొనిపోవుదునా?" అని అడిగినవానికి నష్టము లేదు. కరుణకు చోటుంచిన శాసనమును సాకుగ చూపి రాయివలె నిలుచువాని భయము శాసనము నేర్పినది కాదు.

వెనుకకు నడుపుట చిన్న విషయమనుకొనుటయు పొరపాటే. 2002లో న్యూయార్క్ రాష్ట్రమున తన తండ్రియే వెనుకకు నడిపిన వాహనము క్రింద పడి రెండేండ్ల బాలుడు మరణించెను. ఆ బాలుని పేరిట 2008లో అమెరికాలో ఒక శాసనము వెలసెను. దాని ఫలముగ 2018 మే నుండి అక్కడ అమ్మబడు క్రొత్త కార్లన్నిటిలో వెనుక వైపు చూపు కెమెరా తప్పనిసరియైనది. వెనుకకు నడుచు వాహనముల వలన ఏటా సుమారు 210 మంది మరణించుచున్నారని, 15,000 మంది గాయపడుచున్నారని 2014లో ఆ దేశపు రహదారి భద్రతాసంస్థ అంచనా వేసెను. మృతులలో నూటికి 31 మంది అయిదేండ్లలోపు పిల్లలు, 26 మంది డెబ్బది యేండ్లు దాటినవారు. ఇంటి వాకిట తిరుగువారు వారే గదా.

భారతదేశమున 1989 నాటి రహదారి నియమములు సైతము, ఇతరులకు అపాయము కలుగదని తృప్తిపడిన పిదపనే వెనుకకు నడుపవలెననెను. అవసరమునకు మించిన దూరము పోరాదనెను. రోడ్డు రోలరును మాత్రము ఆ దూరపు నిబంధననుండి మినహాయించెను! 2017లో వాని స్థానమున క్రొత్త నియమములు వచ్చినను భావము అదియే. ఇక్కడి ప్రలోభము వేఱు: రసీదు లేని నోటు చేతులు మారును, కుమారుడు ప్రక్కనుండి చూచుచుండును.

ఫ్రీమాంట్ గృహస్థుని కుమారుడును చూచుచుండెను. "నాన్నా, మీరు వెనుకకు తిరిగి చూచితిరా?" అని ఆ రాత్రి అడిగెను. తండ్రి లేదనెను. నింపుటకు తెచ్చిన కాగితములు మరునాడు ఖాళీగనే బీరువాలోనికి పోయినవి. ఆయన జరిమానా కట్టెను, పాఠశాలకు పేరు వ్రాయించుకొనెను, పండ్లు తీసికొని భార్యతో ఆ వృద్ధురాలి ఇంటికి పోయి వచ్చెను.

పదునైదున్నర యేండ్లు నిండిన కుమారునికి మరుసటి సంవత్సరము అభ్యాస అనుమతి పత్రము వచ్చినది. అక్కడి పరీక్షలో కాలిబాట అంచు వెంబడి కారును తిన్నగ వెనుకకు నడిపి చూపవలెను. ఆదివారము నాడు ఖాళీగనున్న పాఠశాల ఆవరణలో తండ్రి ప్రక్కన కూర్చుండి, తెరపై చేతిరుమాలు కప్పెను. కుమారుడు గేరు మార్చి, కుడిచేతిని సీటుపై వేసి, మెడ పూర్తిగ వెనుకకు త్రిప్పెను.