సలుపు

బిలాస్‌పూర్‌లో, అర్పా నది పక్కన కోనిలో ఉంటుంది మా పెద్దమ్మ. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కుటుంబం. బజారులో హిందీ, ఇరుగుపొరుగుతో ఛత్తీస్‌గఢీ ధారాళంగా మాట్లాడుతుంది. కానీ తుంటి కీలు మార్చిన మర్నాడు, సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతని నర్సు హిందీలో అడిగితే, ఆమె నోట తెలుగే వచ్చింది. "సలుపుతోందమ్మా."

నేను "దర్ద్" అని చెప్పాను. సలుపు, పోటు, తీపు, మంట అన్నీ నా ఒక్క మాటలో కలిసిపోయాయి. అంకె చెప్పమంటే "నాలుగు" అంది. దుప్పటి అంచు మాత్రం పిడికిట్లో నలిగిపోతోంది. ఎంత ఓర్పో అని గర్వపడ్డాను. ఆ గర్వం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

రెండేళ్లకు రెండో తుంటి. ఈసారి మత్తు డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు: ఫెమరల్, ఆబ్ట్యురేటర్ నరాల కొమ్మలు కీలు ముందువైపుకు వెళ్లేచోట, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మందు వదులుతారు. 'పెంగ్' బ్లాక్ అంటారు, 2018లో టొరంటో వైద్యులు వివరించిన పద్ధతి. కాలి బలం చాలావరకు నిలుస్తుంది. చర్మం కోసినచోట, కీలు వెనక కొంత నొప్పి ఉండొచ్చు, దానికి వేరే మందులు.

ఎముక కోత అదే, గాయం అదే. కబురు మాత్రం అందదు. అలాంటప్పుడు నొప్పి ఎక్కడున్నట్టు? తుంటిలోనా, తలలోనా, దారిలోనా? నాకు తేలలేదు. అంతకన్నా నన్ను నిలదీసే ప్రశ్న ఇంకొకటి: నొప్పిని మనం సాక్ష్యం ఎందుకు అడుగుతాం? 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్‌తో కంటిని మొద్దుబార్చిన నాటి నుంచీ, మనిషి మెలకువగా ఉండగానే ఒక్కచోట నొప్పి ఆపే విద్య ఉంది. చెప్పుకోలేనంత మాత్రాన నొప్పి లేనట్టు కాదని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో తన నిర్వచనం కిందే రాసుకుంది. మన ఇళ్లలో మాత్రం నోరెత్తని ఆడమనిషికే మెప్పు. ఆ బ్లాకు పెద్దమ్మను ఏ మాటా అడగలేదు, ఏ అంకే అడగలేదు. ముందే ఉపశమనం ఇచ్చింది.

ఆ రాత్రి ఆమె నిద్రపోయింది. సున్నా అంటే ఎలా ఉంటుందో ఒంటికి తెలిసింది. తెల్లవారుజామున మందు విడిచాక నా చెయ్యి తట్టింది.

"బాబూ, సలుపు మొదలైంది. నర్సమ్మకి ఏడని చెప్పు."