ఎవరి నీరు వారే మోయవలెనా?

శనివారము తెల్లవారుజామున నాలుగు గంటలకు మా వంటింటి కుళాయి మ్రోగును. సికింద్రాబాదులో మా యింటనుండి ఉద్యోగము చేసికొనుచున్న నా మేనల్లుడు, ఆగస్టులో జరుగు హైదరాబాదు మారథాను కొరకు సాధన చేయుచున్నాడు. 42 కిలోమీటర్ల 195 మీటర్లు పరుగెత్తగోరువాడు వారమునకొక దినము 25, 30 కిలోమీటర్లు పరుగెత్తి అలవాటు పడవలెనట. అరలీటరు సీసాలు రెండు నింపి నడుము పట్టీకి తగిలించుకొనును. లీటరు నీరనగా కిలో బరువు. "దారిలో నీళ్లు దొరకవా?" అని నేను నవ్వితిని. "ఔటరు రింగు రోడ్డు ప్రక్క దారిలో చాలదూరము దుకాణమే ఉండదు, మామయ్యా" అనెను.

మే నెలలో ఒక శనివారము వాడు తిరిగివచ్చి, చెమటయైనను తుడుచుకొనక నా బల్లయెదుట కూర్చుండెను. వానితో కూడ పరుగెత్తు మిత్రుడొకడు ఎన్నడును నీరు తెచ్చుకొనడు; బరువు వేగమును తగ్గించునని అతని వాదము. ఆ దినము 22వ కిలోమీటరు వద్ద అతడు నీరడిగెను. అప్పటికే ఎండ ముదిరినది. మావానియొద్ద మిగిలినది అర సీసా, పోవలసిన దారి ఎనిమిది కిలోమీటర్లు. వాడు ఇయ్యలేదు. మిత్రుడు కొంత దూరము నడచి, తల తిరిగి, త్రోవప్రక్కను కూలబడెను. పాలు వేసికొనిపోవు ఆటోవాడెవరో అతనిని ఇల్లు చేర్చెను.

"నేను చేసినది తప్పా, మామయ్యా?"

నేను తడుముకొనక జవాబిచ్చితిని: నూనె తెచ్చుకొనని వారికి తమ నూనెను పంచని అయిదుగురు కన్యకలను ప్రభువు బుద్ధిగలవారనియే చెప్పెను గదా! వాడు మారుమాట పలుకక లేచిపోయెను. పోయిన పిమ్మట నాకే ఆ జవాబు గొంతున అడ్డుపడెను. ఆ ఉపమానము ఎరువు తెచ్చుకొనరాని సిద్ధపాటును గూర్చినది. దప్పిగొన్నవానికి నీరు నిరాకరించుటకు అది అనుమతిపత్రము కాదు. ముప్పది ఏండ్లుగా మాటలను ఒక భాషనుండి మరియొక భాషకు మోయుటయే పనిగా గల నేను, ఒక మాటను అది నాటుకొనియున్న చోటనుండి పెరికి ఆ బిడ్డ చేతిలో పెట్టితిని.

చదువరీ, గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయము తెరచి చూడుము. ఒకరి భారములు ఒకరు మోయవలెనని రెండవ వచనము; ఎవనిది వాడే మోసికొనవలెనని అయిదవ వచనము. ఇంతలోనే పౌలు మాట మార్చెనా? గ్రీకులో ఆ రెండు పదములు వేరు. మొదటిది బారొస్: మనుష్యుని క్రుంగదీయునది. రెండవది ఫోర్తియోన్: ఎవడు తన వీపున మోయదగిన మూట, ఓడకైతే దాని సరకు. మన పూర్వ అనువాదకులు ఒకదానిని భారమనియు, రెండవదానిని బరువనియు వ్రాసి ఆ భేదమును నిలిపిరి. వ్యవహారములో ఒకటిగా చెల్లుచున్న రెండు మాటలను అట్లు విడదీయుట ఎంత కష్టమో ఈ పనిలోనివారికి తెలియును.

తెల్లవారున నింపుకొను సీసా ఫోర్తియోన్. దానిని మోయక, తోటివాని నడుమునందున్న నీటిని తనదిగా ముందే లెక్కించుకొని తేలికగా పరుగెత్తుట న్యాయము కాదు. మిత్రుని విషయములో నేను ఈ మాటను మెత్తపరచను. కాని 22వ కిలోమీటరు వద్ద అడిగినది ఆ మూట కాదు. అజాగ్రత్తవలన కలిగిన దప్పియు దప్పియే. దేహము కారణములను విచారింపదు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన ఒలింపిక్ మారథానులో, ఎండయు ధూళియు నిండిన దారిలో నీరు ఒకటి రెండు చోట్ల మాత్రమే దొరకెను. బయలుదేరినవారు 32 మంది. గమ్యము చేరినవారు 14 మంది. వారందరును అజాగ్రత్తపరులు కారు గదా.

అట్లని నీరెంత యున్న అంత క్షేమమనియు కాదు. 2002 బోస్టన్ మారథానులో 488 మంది రక్తమును పరీక్షింపగా, నూటికి 13 మందిలో సోడియము తగ్గియుండెనని 2005లో వైద్యులు ప్రకటించిరి. అధికముగా త్రాగుట అందుకు ముఖ్య హేతువు. ఇది చదివినప్పుడు నాకొక సంగతి జ్ఞాపకము వచ్చెను. ఆ శనివారము మావాడు ఇల్లు చేరునప్పటికి సీసాలో రెండు మూడు గుక్కల నీరు మిగిలియుండెను. దానిని తొట్టిలో పారబోయుట నేను చూచితిని.

వాడు లోభి కాడు. ఎనిమిది కిలోమీటర్లకు ఎంత కావలెనో ముందుగా ఎవడు చెప్పగలడు? భయపడెను, అంతే. భయము సీసాను చేతబట్టియున్నప్పుడు న్యాయమును తూచుట కష్టము. కనుక ఆ నిర్ణయము ఎండలో కాక, కుళాయియొద్దనే జరుగవలసినదని నాకు తోచుచున్నది: మిత్రునితో ముందే ఖండితముగా మాటలాడవలెను, లేదా మరియొక అరకిలో మోయుటకు ఒప్పుకొనవలెను. రెండవది న్యాయము కోరునది కాదు. అది అంతకంటె ఎక్కువ. దానిని చేయుమని చెప్పుటకు, ఒక్క కిలోమీటరైనను పరుగెత్తని నాకు నోరు రాలేదు. నా మొదటి జవాబు తప్పని మాత్రము చెప్పితిని.

ఆ సాయంకాలము వాడు మిత్రుని చూచి వచ్చెను. మరుసటి శనివారము నుండి మూడవ సీసా ఒకటి పట్టీకి చేరినది. మిత్రుడు ఇప్పటికిని వట్టి నడుముతోనే వచ్చునట. ఆ సంగతి చెప్పునప్పుడు వాని గొంతులోని కోపము ఇంకను పోలేదు.