వలస చట్టంలో కుటుంబ భావన: ఆశ్రయం, పరస్పర ధర్మం

గుంటూరు–తెనాలి మార్గంలోని వడ్లమూడి సంగం డెయిరీకీ, విజ్ఞాన్ విశ్వవిద్యాలయానికీ నెలవు. పాడి, పంటల రాబడితో పిల్లలను చదివించిన తరం, ఆ చదువుతో విదేశాలకు చేరిన తరం ఈ ప్రాంతంలో తమను ఒకే కుటుంబంగా భావిస్తాయి. గమ్యదేశపు చట్టం మాత్రం అలా భావించదు. ఈ వైరుధ్యం నైతికంగా సమర్థనీయమా అన్నది విచార్యం.

అమెరికాలో హెచ్-1బి ఉద్యోగి వెంట జీవిత భాగస్వామి, 21 ఏళ్లు నిండని అవివాహిత సంతానం మాత్రమే ఆశ్రితులుగా నివసించగలరు. తల్లిదండ్రులు సందర్శకులుగా రావలసిందే. వారిని శాశ్వతంగా పిలిపించుకొనే హక్కు 21 ఏళ్లు నిండిన పౌరునికే ఉంది; శాశ్వత నివాసికి లేదు. ఏ ఒక్క దేశానికీ సాధారణంగా 7 శాతానికి మించి కేటాయించరాదన్న నియమం వల్ల భారతీయ ఉద్యోగులు శాశ్వత నివాసానికే ఏళ్ల తరబడి నిరీక్షిస్తారు. పౌరసత్వానికి సాధారణంగా మరో 5 ఏళ్లు పడుతుంది. ఈలోగా వెంట తెచ్చుకొన్న బిడ్డ 21 దాటి ఆశ్రిత హోదా కోల్పోవచ్చు. ఊళ్లోని తల్లిదండ్రులు వార్ధక్యంలోకి జారుకొంటారు.

ఈ నియమాల వెనుక ఉన్న భావన ఒక్కటే: ఆశ్రయం అవసరమైనది బాల్యానికి. కాని మనిషి రెండుసార్లు పరాధీనుడవుతాడు. తొలిదశలో సంరక్షణ పొందినవాడు మలిదశలో దానిని అందించడమే పితృఋణ భావనకు లౌకికార్థం. మొదటి దశను గుర్తించి రెండవదాన్ని విస్మరించే చట్టం ఆ సంబంధాన్ని సగమే చూస్తుంది.

తన సభ్యులను ఎంచుకొనే అధికారం రాజకీయ సమాజానికి ఉందని మైకేల్ వాల్జర్ 1983లో వాదించాడు. కుటుంబ పునరేకీకరణ బయటివారి కోరిక కాదనీ, ఇప్పటికే లోపల ఉన్నవారి నైతిక హక్కు అనీ జోసెఫ్ కారెన్స్ 2013లో ప్రతిపాదించాడు. కారెన్స్ వాదాన్ని అంగీకరిస్తే, పన్నులు చెల్లిస్తూ ఏళ్ల తరబడి నివసించే ఉద్యోగిని కేవలం శ్రమశక్తిగా చూడటం అన్యాయమే.

ఇష్టపూర్వకంగా వెళ్లినవాడు ఎడబాటును భరించవలసిందే కదా అన్నది బలమైన ఆక్షేపణ. అయితే వలస ఐచ్ఛికమైనా ధర్మం రద్దు కాదు. భారతదేశపు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం విదేశాల్లోని భారత పౌరులకూ వర్తిస్తుంది. ఒక రాజ్యం పోషణను విధిగా చేస్తే, మరొక రాజ్యం ఆ పోషణ పొందవలసినవారిని కుటుంబంలోనే లెక్కించదు. డబ్బు సరిహద్దు దాటుతుంది. మంచాన పడిన తల్లికి కావలసిన సన్నిధి దాటదు.

ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ ఊరు విడవాలని కోరుకోరన్నదీ నిజమే. అందువల్ల ఇక్కడి హక్కు స్థిరనివాసం కంటె ముందుగా, అవసర కాలంలో కలిసి ఉండగల వీలుకు సంబంధించినది. కెనడా 2011లో ప్రవేశపెట్టిన సూపర్ వీసా ఇప్పుడు ఒక విడతకు 5 ఏళ్ల వరకు నివాసాన్ని అనుమతిస్తున్నది. మధ్యేమార్గం సాధ్యమేనని ఇది నిరూపిస్తున్నా, ఆదాయ, ఆరోగ్య బీమా నిబంధనలు ధర్మపాలనను ఆర్థిక స్తోమతకు ముడిపెడుతున్నాయి.

కాన్పు సమయానికి సందర్శకులుగా వెళ్లి మనుమలను సాకే అమ్మమ్మ, నాయనమ్మల సేవను గమ్యదేశం స్వీకరిస్తూనే ఉంది. సంరక్షణ ఇచ్చినప్పుడు కుటుంబమైనవారు, అది కోరవలసి వచ్చినప్పుడు పరాయివారు కావడాన్ని న్యాయమనలేము.