చేతిలో ఉన్నదంతా మనది కాదు

నాచారం

చిరంజీవి మేనల్లుడికి,


ఫ్యాక్టరీలో ఏ మిషన్ ఎప్పుడు ఆగిందో ఫోన్‌లో చూపించే సాఫ్ట్‌వేర్ చేస్తున్నావనీ, ఉప్పల్‌లో ఆఫీసు తీసుకున్నావనీ మీ అమ్మ చెప్పింది. యాభై లక్షలిచ్చి పది శాతం వాటా అడిగే ఇన్వెస్టర్ దొరికాడు, సంతకం పెట్టనా అని నువ్వు రాశావు. అంత చదువు నాకు లేదు అల్లుడూ. నాచారం షెడ్డులో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ల మధ్య బతికాను కాబట్టి, డబ్బు ఎట్లా వస్తుందో ఎట్లా పోతుందో మాత్రం చూశాను.

ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే మారకుండా రాయదుర్గంలో దిగొచ్చు. ఆ చివర స్టార్టప్‌ల టీ-హబ్, పెట్టుబడి పెట్టేవాళ్లు. ఈ చివర నాచారం, మల్లాపూర్, చర్లపల్లి షెడ్లు. పోయిన నెల ఆ చివరికి ఎన్నిసార్లు పోయావో, ఈ షెడ్లలోకి ఎన్నిసార్లు వచ్చావో లెక్క చూసుకో. ‘ఊరికే వాడి చూస్తాం’ అనే ఓనర్ నీ సాఫ్ట్‌వేర్ బ్రహ్మాండమనే అంటాడు. నెలకు రెండు వేలు కట్టేవాడే లోపాలు చెబుతాడు. మూడో నెలా అడగకుండా కట్టాడంటే అది గిరాకీ.

పెట్టుబడి తప్పని నేననను. మన ఉప్పల్ రోడ్డు మీదే, హబ్సిగూడ సీసీఎంబీ పరిశోధనశాలలో, టీకాలు చేసే శాంతా బయోటెక్నిక్స్ తొలినాళ్ల పరిశోధన సాగింది. దాన్ని పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. 1993లో తల్లి పేరున ఆ కంపెనీ మొదలుపెట్టారు. ఒమన్ విదేశాంగ మంత్రి పెట్టుబడి పెట్టారు. హెపటైటిస్-బి టీకా బజారుకొచ్చింది 1997లో. ఆ నాలుగేళ్లూ అమ్ముకోవడానికి టీకా లేదు, ఖర్చు మాత్రం ఆగదు. అలాంటి పనికి పరాయి డబ్బు కావాల్సిందే. నీ సరుకు వచ్చే నెలే అమ్మొచ్చు కదా? అయినా కావాలంటే, ఆ యాభై లక్షలు దేనికో ఒక కాగితం మీద రాయి. రాయలేకపోతే నీకింకా అవసరం రాలేదన్నమాట.

తీసుకుంటే మాత్రం, కంపెనీ అమ్మితే ముందు ఎవరికి ఎంత అన్న షరతు రెండుసార్లు చదువు. రేపు కోటికి అమ్మావనుకో, అతనికి పది లక్షలే అనుకుంటావు. ‘ముందు నా అసలు, మిగిలినదాంట్లో నా వాటా’ అని కాగితంలో ఉంటే యాభై ఐదు లక్షలు అతనివే. అది మోసం కాదు, నువ్వు ఒప్పుకున్న లెక్క. ఒప్పుకునేముందు లాయరుకు చూపించు. మీ అమ్మ ఇంటి కాగితాలు మాత్రం ఎక్కడా తాకట్టు పెట్టకు.

ఇక నా తప్పు చెబుతాను. ఒక ఏడాది ఓ పెద్ద కస్టమర్ నా బిల్లు ఐదు నెలలు ఆపాడు. ఇనుము కొనడానికి మా వాళ్ల జీతాల్లో కోసిన పీఎఫ్ వాడేశాను. ఒక్క నెలే అనుకున్నది నాలుగు నెలలైంది. మా ఫిట్టర్ కూతురి పెళ్లికి పీఎఫ్ తీసుకుందామని పోతే ఖాతాలో ఆ నెలలు ఖాళీ. వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. కాసేపు చూసి మళ్లీ మిషన్ దగ్గరికి పోయాడు. వడ్డీ, జరిమానా కట్టాను, అవి గుర్తులేవు. ఆ చూపు గుర్తుంది.

అందుకే, కోసిన టీడీఎస్ ఏడో తారీఖుకు, పీఎఫ్ పదిహేనుకు, జీఎస్టీ ఇరవైకి కట్టే డబ్బును వేరే ఖాతాలో పెట్టు. అది నీ చేతిలో ఉన్న పరాయి సొమ్ము. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ కూడా చేయించు. 2006 నాటి చట్టం ప్రకారం చిన్న యూనిట్ బిల్లును, ఏ ఒప్పందమున్నా, కొన్నవాడు 45 రోజులు దాటనివ్వకూడదు. అడగడానికి మొహమాటపడి నేను చెడ్డాను.

లెక్కలో లేనిది చూపించడం అంతకన్నా చెడ్డది. సత్యం కంప్యూటర్స్ కథ మన ఊరిదే. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు గారు తానే రాసిచ్చారు, పుస్తకాల్లోని 5,040 కోట్ల నగదు అసలు లేదని. అదీ కాస్త ఎక్కువ లాభం చూపడంతోనే మొదలైంది. ఊరికే వాడుతున్న ఎనిమిది షెడ్లను ఇన్వెస్టర్‌కు ‘ఎనిమిది మంది కస్టమర్లు’ అని చెప్పాలనిపించిన రోజు ఇది గుర్తుచేసుకో.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి షెడ్డుకు రా. మూడు యూనిట్లకు నేను వెంట వస్తాను, మాట నువ్వే మాట్లాడు. ఇన్వెస్టర్ ఇచ్చిన కాగితం ఇంట్లో పెట్టి, బిల్లు బుక్కు తెచ్చుకో.

మీ మామయ్య