ఈ రోజు బిగించకండి

నీళ్లతో చల్లబడే కంప్యూటరులో లీకు మొదలైనప్పుడు చప్పుడేమీ రాదు. ట్యూబు వచ్చి ఫిట్టింగులో దిగే చోట, లోహం అంచున ఒక చుక్క ఊరుతుంది. కాసేపు అక్కడే వేలాడుతుంది. లోపలి వేడికి ఆరిపోతుంది. రంగు కూలెంటు పోసి ఉంటే దాని చోట చిన్న మరక మిగులుతుంది. ఆ మరకను వేలితో తుడిచేసి "ఏం కాలేదులే" అనుకోవడం చాలా తేలిక. కానీ ఆ చుక్కకు సరిగ్గా కిందే గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది.

ప్రియ నేస్తమా, మీరు ఏ వేళప్పుడు ఈ నాలుగు మాటలు చదువుతున్నారో నాకు తెలియదు. నైట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చి, బూట్లు విప్పి, టీ చల్లారేలోగా చదువుతున్నారేమో. పిల్లలకు క్యారేజీలు కట్టి పంపి, ఇంట్లో పెద్దవాళ్లకు మందులిచ్చి, పొద్దున్నుంచీ ఇప్పుడే మొదటిసారి కూర్చున్నారేమో. అలసిపోయి ఉన్నారని మాత్రం అనుకుంటున్నాను. అందుకే ఈ రోజు పెద్ద మాటలు వద్దు. వేలికి పట్టే ఒక రబ్బరు రింగు గురించి మాట్లాడుకుందాం.

మా గమ్హరియాలో వేడి గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఖర్కాయి నదికి అటు జంషెడ్‌పూర్, ఇటు ఆదిత్యపూర్, ఆ పక్కనే మేము. ఉక్కు, ఫోర్జింగు, బండ్ల విడిభాగాలు, వీటి మీదే ఇక్కడి బతుకు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన మనవాళ్లు తరాలుగా ఈ చుట్టుపక్కల ఊళ్లలో స్థిరపడ్డారు. కొలిమి దగ్గర పనిచేసినవాళ్లకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది: వేడి పుట్టే చోట నీళ్లు ఆగకుండా తిరుగుతూ ఉండాలి. ఇప్పుడు వాళ్ల పిల్లలు ఇంట్లో బల్ల మీద పెట్టుకున్న కంప్యూటర్లలో కూడా అదే పని జరుగుతోంది. పంపు నీళ్లను తోస్తుంది, ప్రాసెసరు మీది వేడిని నీళ్లు తీసుకుంటాయి, రేడియేటరు దగ్గర ఫ్యాన్లు ఆ వేడిని గాలిలోకి ఊదేస్తాయి.

మా వీధిలో ఒక అబ్బాయి అలాంటి కంప్యూటరు మీదే మిషను పార్టుల డ్రాయింగులు గీస్తాడు. ఎండాకాలంలో అతనికి ఆ చుక్క కనబడింది. పానా తెచ్చి ఫిట్టింగు ఇంకాస్త బిగించాడు. చుక్క ఆగింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. మళ్లీ బిగించాడు. ఈసారి ముందుకంటే త్వరగా వచ్చింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న వాళ్ల నాన్నగారు హైడ్రాలిక్ ప్రెస్సుల మెయింటెనెన్సులో చేసి రిటైరైన మనిషి. ఆయన ఒకే మాటన్నారు: "ఇంక బిగించకురా నాయనా. మిషను ఆపు, విప్పి చూడు."

విప్పాక బయటికొచ్చిన ఆ రింగు నేను చేతిలోకి తీసుకుని చూశాను. ఓరింగు అంటారు దాన్ని. ఈ కంప్యూటరు ఫిట్టింగుల్లో వాడేది సుమారు 11 మి.మీ. లోపలి కొలత, 2 మి.మీ. మందం. పాతదాని పక్కన కొత్తది పెడితే తేడా వెంటనే తెలిసింది. కొత్త రింగు చుట్టూ గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంది. గోటితో నొక్కితే లోపలికి పోయి, గోరు తీయగానే మళ్లీ పైకొచ్చింది. పాతది పైనా కిందా పలకబారి ఉంది. నొక్కితే నొక్కినట్టే ఉండిపోయింది. ఎక్కడా తెగలేదు, చిరగలేదు, పగుళ్లు లేవు. ఏళ్ల తరబడి వేడిలో, రెండు లోహాల మధ్య నలిగి నలిగి, తిరిగి లేచే గుణం పోగొట్టుకుంది, అంతే.

ఆ ఫిట్టింగుల మరలు నీటిని ఆపవు. అవి రింగును నొక్కి పట్టుకోవడానికే. నీటిని ఆపేది ఆ రబ్బరు తిరిగి తోసే బలం. తనను నొక్కినప్పుడల్లా అది ఎదురు తోస్తుంది, ఆ తోపుడుతోనే సందు మూసుకుంటుంది. ఆ బలం పోయిన రింగును ఎంత బిగించినా ఇంకా పలచబడుతుందే తప్ప లేవదు. బిగించేవాడి చేతి బలంలో లోపం లేదు. బలం పెట్టాల్సిన చోటు అది కాదు, అంతే.

ఇప్పుడు నెమ్మదిగా ఒక మాట అడగనా? మీలో చుక్క ఎక్కడ ఊరుతోంది?

పిల్లాడు పాలు ఒలకబోస్తే మీ నోట వచ్చిన ఆ అరుపా? రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, ఈఎంఐ లెక్క మళ్లీ మొదటినుంచి వేసుకోవడమా? ఊళ్లో ఉన్న అమ్మ ఫోను చేస్తే ఎత్తకుండా, మోగి మోగి ఆగేదాకా చూస్తూ కూర్చోవడమా? ప్రార్థనకు కూర్చుంటే ఒక్క మాటా రాకపోవడమా?

ఇలాంటివి కనబడగానే మనం చేసే మొదటి పని బిగించడమే. రేపటినుంచి ఇంకా తెల్లవారుజామున లేస్తాను. ఇక కోప్పడనే కోప్పడను. ఇంకో గంట ప్రార్థన చేస్తాను. మన మీద మనమే పానా తిప్పుకుంటాం. కొన్నాళ్లు ఆగుతుంది కూడా. మళ్లీ చుక్క కనబడినప్పుడు సిగ్గేస్తుంది. నా విశ్వాసమే అల్పమైనది, నా మనసే చెడ్డది అనుకుంటాం.

మీ మనసు చెడ్డదని నేను అనుకోవడం లేదు. మీరు తెగిపోలేదు. చాలాకాలం నలిగారు. ఎవరూ చూడని చోట, రెండు బరువుల మధ్య నిలబడి, ఇంట్లో ఎవరికీ తడి తగలకుండా ఇన్నాళ్లు ఆపుతూ వచ్చారు. మిమ్మల్ని చేసినవాడికి ఆ సంగతి తెలుసు. మీరెంత వేడిలో ఉన్నారో, ఎన్నాళ్లుగా ఉన్నారో ఆయనకు చెప్పి ఒప్పించాల్సిన పని లేదు.

బైబిలులోని ఏలీయా గుర్తున్నాడా? కర్మెలు కొండ మీద అంత పెద్ద గెలుపు చూసిన మనిషి. ఆ తర్వాత ప్రాణభయంతో అరణ్యంలోకి వెళ్లి, ఒక బదరీ చెట్టు కింద కూలబడి, ఇక బతకలేను, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. దేవుడు అతన్ని కోప్పడలేదు. నిన్నటి విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపేసరికి తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు ఉన్నాయి. తిని, తాగి, ఏలీయా మళ్లీ పడుకున్నాడు. నాకు ఎంతో ఇష్టమైన చోటు ఇదే. ఇంకా ఎంతసేపు నిద్ర అని ఎవరూ అనలేదు. దూత రెండోసారి వచ్చి, ప్రయాణం నీ శక్తికి మించింది, తినమన్నాడు. హోరేబు కొండ, అక్కడ దేవుడు చెప్పిన మాటలు, అప్పగించిన పనులు, అన్నీ ఆ రెండు నిద్రల తర్వాతే.

విశ్రాంతి తీసుకోండి అని చెప్పడం తేలికే. మా ఇండస్ట్రియల్ ఏరియాలో కాంట్రాక్టు కింద పనిచేసేవాళ్లకు ఒక రోజు మానడమంటే ఆ రోజు కూలి పోవడమే. వాళ్లకు ఉపదేశం చేసేవాళ్లు ఈ సంగతి ఎన్నడూ మరచిపోకూడదు. అందుకే ఆ మరమ్మతులో చూసిన ఒక చిన్న సంగతి చెప్పాలని ఉంది. ప్రతిసారీ మొత్తం నీళ్లు తీసేయనక్కర్లేదు. కారుతున్న జాయింటు కంటే కిందికి నీటి మట్టం దిగితే చాలు. ఆ ఒక్క చోటు పొడిగా ఉంటే రింగు మార్చవచ్చు. మీరు కూడా ఉద్యోగం, ఇల్లు, బాధ్యతలు అన్నీ వదిలేయనక్కర్లేదు. ఏ చోట కారుతోందో ఆ ఒక్కచోటు మీద నుంచి బరువు కాసేపు దించితే చాలు.

కొత్త రింగు పెట్టేటప్పుడు ఆ తండ్రీకొడుకులు తీసుకున్న జాగ్రత్తలు నాకు బాగా నచ్చాయి. రింగు కూర్చునే గాడిని ముందు మెత్తటి గుడ్డతో తుడిచారు. ఒక్క వెంట్రుక అడ్డం పడ్డా నీళ్లు దారి చేసుకుంటాయట. రింగుకు పట్టీపట్టనట్టు సిలికాన్ గ్రీజు రాశారు. అబ్బాయి ఇంట్లో ఉన్న వ్యాసలీన్ తేబోతే నాన్నగారు వద్దన్నారు. ఆ రింగు ఈపీడీఎం అనే రబ్బరుతో చేసింది. నీటికి, వేడికి బాగా ఆగుతుంది కానీ పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి చెడిపోతుంది. రాసిన వెంటనే మెత్తగా, హాయిగానే ఉంటుంది. పాడయ్యేది తర్వాత.

మనకూ అలాంటివి కొన్ని ఉన్నాయి కదా. రాత్రి పడుకోబోయే ముందు చేతిలోకి వచ్చే ఫోను, ఒక వీడియో తర్వాత ఒకటి. బాధ మరిచిపోవడానికి ఒక పెగ్గు. మనలాగే విసిగిపోయినవాళ్లతో కూర్చుని ఇంకొకరి గురించి చెప్పుకునే మాటలు. ఆ క్షణానికి మెత్తగానే తగులుతాయి. అవి మిమ్మల్ని తేరుకోనిస్తున్నాయా, ఉబ్బేలా చేస్తున్నాయా? దీనికి జవాబు నాకు చెప్పనక్కర్లేదు. దేవునికి చెప్పండి.

మళ్లీ ఆ తండ్రీకొడుకుల దగ్గరికి వద్దాం. ఫిట్టింగు మరలకు వాళ్లు టెఫ్లాన్ టేపు చుట్టలేదు. పానా కూడా వాడలేదు. వేళ్లతో తిప్పి, రింగు ఆనాక మరికొంచెం తిప్పి, అక్కడితో వదిలేశారు. తర్వాత అన్ని జాయింట్ల కిందా టిష్యూ పేపరు పరిచారు. కంప్యూటరుకు కరెంటు ఇవ్వకుండా పంపుకు మాత్రం ఇచ్చి, 24 గంటలు నీళ్లు తిరగనిచ్చారు. బాగుచేసింది తామే అయినా దాని మీద వెంటనే పని భారం వేయలేదు. ఆ ఓపిక మన విషయంలో మనం చూపించం. ఒక రాత్రి బాగా నిద్రపట్టగానే మర్నాడు మూడు రోజుల పని నెత్తికెత్తుకుంటాం.

ఇంకో మనిషిని కూడా తలుచుకోవాలనిపిస్తోంది. ఈ కాలంలో వాడుతున్న ఓరింగుకు అమెరికాలో పేటెంటు తెచ్చుకున్న నీల్స్ క్రిస్టెన్సన్ డెన్మార్క్ నుంచి వలస వెళ్లిన మనిషి. 1865లో పుట్టాడు. బండ్ల బ్రేకుల మీద చాలా ఏళ్లు పనిచేశాడు. గుండ్రటి రబ్బరు రింగుకు సరైన గాడి కుదిర్చి, 1937లో దరఖాస్తు పెట్టేనాటికి ఆయనకు 72 ఏళ్లు. పేటెంటు 1939లో వచ్చింది. నా కాలం అయిపోయింది, ఇక నాలో కొత్తగా ఏముంటుంది అని మీరు ఈ మధ్య ఎప్పుడైనా అనుకుని ఉంటే, ఆ 72ను కాస్త గుర్తుపెట్టుకోండి. మీ లోపల మార్చాల్సినవి మార్చడానికి మీ వయసు దేవునికి అడ్డం కాదు.

ఈ రోజుకు ఒక్క నిర్ణయం తీసుకుందాం. ఎక్కడ కారుతోందో ఒక చోటు గుర్తించండి. ఒక్కటే. దాని మీద ఈ రోజు కొత్త ఒట్టు పెట్టకండి, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. దాని బదులు, ఆ చోట ఇన్నాళ్లు నలిగినదేమిటో దేవుని ముందు పేరు పెట్టి చెప్పండి. నిద్ర అయితే నిద్ర అనండి. అప్పు అయితే అప్పు. ఒంటరితనమైతే అదే మాట. తర్వాత ఒక చిన్న పని చేయండి. ఫోను వేరే గదిలో పెట్టి అరగంట ముందు పడుకోవడం. ఎత్తని ఫోనుకు మీరే తిరిగి చేసి, "అమ్మా, అలసిపోయాను, అందుకే ఎత్తలేదు" అని ఉన్నమాట చెప్పడం. ఇంటి లెక్కలు ఒక్కరే మోయకుండా మీ ఆయనతోనో, ఆవిడతోనో కలిసి కూర్చుని కాగితం మీద రాసుకోవడం. బతకాలని లేదు అన్నంతగా మనసు ఎండిపోయి ఉంటే, ఈ రోజే మీకు నమ్మకమైన ఒకరికి ఆ మాట చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏలీయాకు రొట్టె, నీళ్లు పంపినవాడు మీకు మనుషుల చేతుల మీదుగా పంపుతాడు.

ఒక్క రోజు ఆగి చూడండి. రేపు ఇదే వేళకు ఆ చోట తడి ఉందో లేదో నిదానంగా గమనించండి. ఉంటే మళ్లీ విప్పుదాం. ఆయనకు విసుగు లేదు.

ప్రార్థన: తండ్రీ, నేను నలిగిన చోటు నీకు తెలుసు. నన్ను నేను బిగించుకుని అలసిపోయాను. ఈ రోజు నా చేయి తీసేస్తున్నాను. నువ్వు విప్పు, పాడైనది తీసెయ్యి, కొత్తది పెట్టు. నా ఇంట్లోవాళ్ల మీద పడిన తడిని నీ చేత్తో తుడువు. ఈ రాత్రి నాకు నిద్ర ఇవ్వు, రేపటి షిఫ్టుకు సరిపోయే బలం ఇవ్వు. ఆమేన్.